గుప్పెడు బియ్యం, ఒక పేరు

స్త్రీల కూటానికి వెళ్ళినప్పుడు జ్ఞానవతి ముందుగా వెతుక్కునేది కుర్చీని.

ఆ కుర్చీ చంద్రకళ ఆంటీ పక్కనే ఉండాలి. విండ్సర్‌లోని తెలుగు సంఘం ఆడవాళ్ళంతా ప్రతి శనివారం పదకొండు గంటలకు ఆంటీ ఇంట్లో గుండ్రంగా కూర్చుంటారు. ప్రార్థన ఒకరి తర్వాత ఒకరికి వరసగా వస్తుంది. ఆంటీ వంతు వచ్చిందంటే పధ్నాలుగు నిమిషాలు. ఆవిడ ప్రార్థన విండ్సర్‌లో బయలుదేరి, సరిహద్దు వంతెన మీద వరస కట్టిన లారీ డ్రైవర్లను దీవించి, ఆటవా వెళ్ళి పార్లమెంటులో కూర్చున్నవాళ్ళకు మంచి బుద్ధి అడిగి, అక్కడ విమానం ఎక్కినట్టుగా నరసాపురంలో దిగుతుంది. అక్కడ మోకాళ్ళ నొప్పులున్న ప్రతి మనిషినీ పేరుపేరునా తలుచుకుని మళ్ళీ కెనడా చేరుతుంది. అది నరసాపురంలో తిరుగు ప్రయాణం కట్టిందని తెలియగానే జ్ఞానవతి తన ఒళ్ళో ఉన్న పది నెలల అబిగేల్ నోట్లోంచి రబ్బరు పీకను మెల్లగా లాగేసేది. ఆ పీకను ఇక్కడ సూదర్ అంటారు. ఆంటీ ఆమెన్ అనేసరికి పాప గుక్క పెట్టేది. జ్ఞానవతి పాపం అందరినీ ఇబ్బంది పెట్టానే అన్న ముఖం పెట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయేది. వంతు ఆమెను దాటి తర్వాతి ఆవిడకు పోయేది. అప్పుడు పీక నోట్లో పడేది, పాప నవ్వేది, తల్లి ఊపిరి పీల్చుకునేది.

ఆరు నెలలుగా ఇదే వరస. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా ఒకరోజు ఆంటీ పాప బుగ్గ నిమిరి, నేను ప్రార్థన ముగించగానే ఈ బిడ్డ ఆత్మ కదిలిపోతోంది, పెద్దయ్యాక సేవకురాలవుతుంది చూడు అంది. ఆ రోజు జ్ఞానవతి నవ్వాలో ఏడవాలో తెలియక పాప సాక్సు సరిచేస్తూ కూర్చుంది.

ఇదంతా సరదాకు చేసేది కాదు. జ్ఞానవతి అన్నది వాళ్ళ నాయనమ్మ పేరు. అంత బరువైన పేరు మోస్తూ ఇంటర్ రెండో ఏడు సగంలో, నాన్న మంచాన పడ్డప్పుడు, చదువు మానేసింది. ఇక్కడ కూటంలో ఒకామె నర్సు, ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ఎమ్‌టెక్‌లు. వాళ్ళు నోరు తెరిస్తే ప్రార్థన చీరకు అంచు కుట్టినట్టు చక్కగా సాగిపోతుంది. కెనడా వచ్చిన కొత్తలో ఏప్రిల్‌లో ఒకే ఒక్కసారి జ్ఞానవతి ధైర్యం చేసింది. ప్రభువా, అందరూ బాగుండాలి, మేమూ బాగుండాలి అన్నంతవరకు బాగానే వచ్చింది. ఆ తర్వాత ఎలా ముగించాలో గుర్తు రాలేదు. రోజూ అమ్మకు ఫోన్ చేసి చేసి అలవాటైన నాలుక తన పని తాను చేసేసింది.

"సరే మరి, ఉంటానండి" అనేసింది దేవుడితో.

 వెంటనే సోఫా మీద ఎవరివో భుజాలు కదలడం మొదలైంది. ఇంటికొచ్చి భర్త ఆరన్‌కు చెబితే అతను నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. చివరికి కళ్ళు తుడుచుకుని, ఆయన దగ్గర్నుంచి చెప్పాపెట్టకుండా లేచిపోయేవాళ్ళే ఎక్కువ, నువ్వు కనీసం చెప్పి వచ్చావు అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట ఓదార్పుగా అనిపించలేదు. ఆ రోజు నుంచి పదిమందిలో పెదవి విప్పలేదు.

ఆ ఏడు సెప్టెంబరులో విండ్సర్ బస్సు ఎక్కితే ఎటు చూసినా మన పిల్లలే. ఎవరో ఒకరు ఫోన్లో అద్దె గది కోసం తెలుగులో బతిమాలుతూ కనిపించేవారు. ఒక్కో బేస్‌మెంటులో అయిదుగురు, ఆరుగురు. సంఘం ఆదివారం రెండు గంటలకు ఒక అద్దె చర్చిలో కూడుకునేది. ఆరాధన తర్వాత భోజనం. వేసవిలో నలభై పళ్ళేలు సరిపోయేవి, సెప్టెంబరు మొదటి ఆదివారానికి నూరు కావలసి వచ్చాయి. కొందరు వాక్యానికి వచ్చారు, కొందరు సాంబారుకు. పాస్టర్ సువార్తరాజు గారు ఆ తేడా చూసేవారు కాదు. వారంలో అయిదు రోజులు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే మనిషి ఆయన. ఆకలి ముఖం ఎలా ఉంటుందో దూరం నుంచే గుర్తుపడతారు.

ఆ ఆదివారం ఆయన పెద్ద పెద్ద సంగతులేమీ చెప్పలేదు. మీకు షిఫ్టులున్నాయి, పసిపిల్లలున్నారు, మూడు రోజుల ఉపవాస కూటాలు పెడితే మీరు రాలేరు, నేనూ రాలేను అన్నారు. దేవుడిలో ఎదగాలంటే రోజూ ఎలాగూ చేసే పనికే ప్రార్థనను ముడివేసుకోండి అన్నారు. మన అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి పేరున వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం అది సంఘానికి తెచ్చేవారు. ఆ గుప్పెటను మళ్ళీ మొదలుపెడదాం. అయితే ఒక షరతు. గుప్పెడు తీసేటప్పుడు ఒక మనిషి పేరు పలికి ప్రార్థించాలి. అయిదు వారాల్లో కోత పండుగ, ఇక్కడివాళ్ళ థాంక్స్‌గివింగ్ ఆదివారం నాడే. ఆ పోగైన బియ్యంతోనే ఈ పిల్లలందరికీ వండి పెడదాం.

పేర్ల కోసం గుమ్మం దగ్గర ఖాళీ ఆవకాయ సీసా పెట్టారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల్లో ఇష్టమైనవాళ్ళు తమ పేరు, అవసరం రాసి అందులో వేయాలి. ఒక్కో కుటుంబం ఒక్కో చీటీ తీసుకోవాలి. జ్ఞానవతి చేతికి వచ్చిన చీటీలో వంశీధర్ అని ఉంది. కింద అవసరం అన్నచోట, జీటూ రోడ్ టెస్ట్, రెండుసార్లు ఫెయిల్ అని రాసి ఉంది. జీటూ అంటే ఇక్కడ ఒంటరిగా కారు నడపనిచ్చే మొదటి లైసెన్సు. ఆ కింద ఫోన్ నంబరు రాసి, దాని అడుగున రెండు గీతలు గీశాడు.

గీతలెందుకో తర్వాతి ఆదివారం తెలిసింది. వంశీధర్ హనుమకొండ కుర్రాడు. పొడుగ్గా, నీలం జాకెట్టు వేసుకుని, ఎప్పుడూ రెండో వడ్డనకు సిద్ధంగా ఉంటాడు. వాళ్ళింట్లో పూజా గది ఉంది, చర్చి గడప తొక్కడం ఇదే మొదలు. రూమ్మేటు వెంట భోజనానికి వచ్చి, సీసాలో చీటీలు పడుతుంటే లక్కీ డ్రా అనుకుని తనదీ ఒకటి వేశాడు. డ్రా ఎప్పుడు తీస్తారు, బహుమతి ఏంటి అని ఆరన్‌ను అడిగాడట. ఆరన్ ఆ సంగతి కారులో చెబుతూ దారి పొడుగునా నవ్వాడు.

అయినా చీటీ చీటీయే. జ్ఞానవతి మర్నాటి నుంచి బియ్యం డబ్బా మూత తీయగానే గుప్పెడు తీసి, ఈ వంశీధర్‌కు బండి నడపడం రానివ్వు ప్రభువా అనుకునేది. కారు లేకపోతే ఈ ఊళ్ళో కాళ్ళు లేనట్టేనని ఆమెకూ తెలుసు. మంచులో బస్సు కోసం నిలబడ్డ రోజులు ఆమెకూ ఉన్నాయి. పది రోజులకే ఆ పేరు నోటికి ఇంట్లో మనిషి పేరులా అలవాటైంది. పాప జలుబు గురించి అడుగుతూ మధ్యలో వంశీధర్ పార్కింగ్ గురించి అడిగేది.

నాలుగో శనివారం ఆమె దొంగతనం బయటపడింది.

ఆ రోజు సువార్తరాజు గారు బియ్యం పోయడానికి నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఆంటీ ఇంటికి తెచ్చారు. లోపల ప్రార్థన జరుగుతోందని చప్పుడు చేయకుండా పక్క గదిలో, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆంటీ నరసాపురం నుంచి బయలుదేరింది, పీక బయటికి వచ్చింది, పాప ఏడ్చింది. జ్ఞానవతి పిల్లను ఎత్తుకుని పక్క గదిలోకి వచ్చి, తలుపు వేసి, గుప్పెట్లోంచి పీక తీసి పాప నోట్లో పెట్టి, హమ్మయ్య అనుకుంటూ వెనక్కి తిరిగింది. ఎదురుగా అయ్యగారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

"ఏమిటండీ?"

"పీక."

అబద్ధం చెబుదామని నోరు తెరిచింది కానీ ఆయన చేతిలోని బూట్లు చూసేసరికి ఎందుకో అబద్ధం రాలేదు. ఏప్రిల్ నుంచండి అంది. ఆయన పెదవులు గట్టిగా బిగించి కిటికీ వైపు చూశారు. నవ్వకుండా ఉండడానికి ఆయన పడుతున్న కష్టం ఆమెకు కనిపించింది. తర్వాత మెల్లగా, ఇంట్లో వంట చేసేటప్పుడు కూడా ఇలాగే నోరు మూసుకుని ఉంటావా అని అడిగారు. లేదండి, పొద్దస్తమానం దేవుడితో ఏదో ఒకటి అంటూనే ఉంటాను అని చెప్పింది. పాపకు పన్ను రాలేదేమని, వర్క్ పర్మిట్ రాలేదేమని, పాప తినాల్సినంత తింటోందా లేదా అని, రాత్రి షిఫ్టు నుంచి ఈయన జాగ్రత్తగా ఇల్లు చేరాలని.

"అది ప్రార్థన కాదులెండి అయ్యగారూ, ఊరికే గొణుక్కోవడం."

"నేను బైబిల్ కాలేజీలో మూడేళ్ళు చదివి చివరికి నేర్చుకున్నది ఆ గొణుక్కోవడమేనమ్మా. నువ్వు ఫీజు కట్టకుండా నేర్చేసుకున్నావు."

ఆమె తల దించుకుంది. అక్కడివాళ్ళంతా చదువుకున్నవాళ్ళు, వాళ్ళ ముందు తన మాట తేలిపోతుందని చెప్పింది. ఆయన కాదనలేదు, బుజ్జగించలేదు.

"నేను బలవంతపెట్టను. కానీ పాపను మాత్రం నీ అబద్ధానికి వాడుకోకు. దానికి మాటలొచ్చే లోపు నీ మాట నువ్వు తెచ్చుకో" అని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. పాప ముఖం చూసినప్పుడల్లా గుర్తొచ్చేది. అయినా భయం భయమే. కోత పండుగ నాడు ఒక్కో విద్యార్థి పేరు పిలుస్తారని, ఆ చీటీ తీసుకున్న కుటుంబం ముందుకొచ్చి, మైకులో ఆ పిల్లల కోసం ప్రార్థించాలని తెలిసింది. ఆరన్ చేస్తాడులే అనుకుంది. గుప్పెడు తీసింది నువ్వు, నేను కాదు, పేరు నీ నోట్లో నానింది అని ఆరన్ తప్పుకున్నాడు. అప్పుడు ఆమెకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. వంట నేను చేస్తాను, వందమందికైనా సరే అని చేయెత్తింది. వంటగది కింద, ఆరాధన పైన. గరిటె పట్టుకున్న మనిషిని ఎవరూ మైకు దగ్గరికి పిలవరు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. సువార్తరాజు గారు మాత్రం ఆమె వంక ఒకసారి చూసి తలూపారు.

పండుగ ఆదివారం పదకొండింటికల్లా ఆమె, ఆరన్ చర్చి బేస్‌మెంటు వంటగదిలో దిగారు. ఆరన్ కోడికూర మీద, ఆమె అన్నం మీద. పాప తన తోపుడు బండిలో కూర్చుని చెంచా కొరుకుతోంది. నీలం డ్రమ్ము నిండుగా ఉంది. అయిదు వారాలుగా ఇరవై కుటుంబాలు గుప్పెడు గుప్పెడుగా దాచి తెచ్చిన బియ్యం. తెలుపు, లేత పసుపు, గోధుమ రంగు కలిసి మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంది. జ్ఞానవతి తొమ్మిది కిలోలు కొలిచి, కడిగి, మూడు పెద్ద గిన్నెల్లో ఎసరు మరగగానే పోసింది.

ఇరవై నిమిషాల తర్వాత మూత తీసి, నాలుగు మెతుకులు వేళ్ళ మధ్య నలిపింది. మొదటి మెతుకు గంజిలా కరిగిపోయింది. రెండోది బాగానే ఉంది. మూడోది రాయి. నాలుగోది అసలు బియ్యమే కాదు, గుండ్రంగా చిన్న గింజ ఏదో.

అప్పుడు అర్థమైంది. పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊళ్ళో గుప్పెడు బియ్యం అంటే అందరిదీ ఒకే మిల్లు బియ్యం. డబ్బాలో ఎవరిది ఏదో దేవుడికి కూడా తెలియనంతగా కలిసిపోయేది. ఇక్కడ ఒకరిది సోనా మసూరి, ఒకరిది బాస్మతి, ఒకరిది జాస్మిన్, నర్సుగారు షుగరని బ్రౌన్ రైస్ తింటారు, ఆంటీ ఇడ్లీల కోసం కొన్న ఉప్పుడు బియ్యం తీసి పోసింది, డైటింగు చేసే ఒకాయన బియ్యానికి బదులు తాను తినే కీన్వా గింజలు భక్తిగా పోశాడు. ఇరవై ఇళ్ళవాళ్ళలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. డ్రమ్ము రంగు చూసి మురిసిపోయిన తనకూ రాలేదు. ఇప్పుడు గిన్నెలో జాస్మిన్ బియ్యం మెత్తగా ముద్దయిపోయింది, ఉప్పుడు బియ్యం పంటికి ఎదురు తిరుగుతోంది, బ్రౌన్ రైసయితే తనను పొయ్యి మీద పెట్టారన్న సంగతే ఇంకా గ్రహించలేదు.

ఆరన్ ఒక మెతుకు నోట్లో వేసుకుని చెంప పట్టుకున్నాడు. కూరకు ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, నాకు పన్ను తక్కువైతే ఎక్కణ్ణుంచి తేను అన్నాడు.

పాపకు తుమ్ము వస్తే డాక్టరుకు ఫోన్ చేసే జ్ఞానవతి విచిత్రంగా అప్పుడు మాత్రం కంగారు పడలేదు. పొయ్యి ముందు ఆమె వేరే మనిషి. మెత్తబడ్డదాన్ని వెనక్కి గట్టిపరచలేం, గట్టిదాన్ని మెత్తపరచగలం. గిన్నెల్లో ఇంకా నీళ్ళు పోసి, మంట తగ్గించి మూత పెట్టింది. అంతటితో పెరుగన్నం అని తేల్చేసింది. ఆరన్ కారు తీసుకుని వెళ్ళి పన్నెండు పెద్ద డబ్బాల పెరుగు, నాలుగు క్యాన్ల పాలు, కొత్తిమీర, అల్లం, దానిమ్మకాయలు తెచ్చాడు. కోడికూరతో పెరుగన్నమా అని గొణిగాడు. పక్కపక్కన పెట్టండి, వాళ్ళే కలుపుకుంటారో విడదీసుకుంటారో చూసుకుంటారు అంది.

గంటంబావుకు ఆఖరి బ్రౌన్ రైసు గింజ కూడా లొంగింది. ఆమె పప్పుగుత్తితో అంతా ఎనిపి, పాలు, పెరుగు పోసి, ఉప్పు వేసి, రుచి చూసి కళ్ళు మూసుకుంది. వెన్నలా ఉంది. మిగిలింది పోపు. వందమందికి పోపంటే చిన్న విషయం కాదు. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు రెండు దోసిళ్ళు నూనెలో పడగానే పొగ లేచి పైకి కమ్ముకుంది. పైన కప్పులోని పొగ అలారం చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది.

పైన అప్పుడే ఆరాధన మొదలైంది, చంద్రకళ ఆంటీ ప్రారంభ ప్రార్థనలో ఉంది. ఆరన్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారాన్ని విసురుతుంటే, జ్ఞానవతి కిటికీలు తెరుస్తుంటే, ఆ కూతల మధ్య నుంచి ఆంటీ గొంతు నింపాదిగా వినిపిస్తూనే ఉంది. ఆవిడ ఆటవాలో ఉంది. అలారం మోగుతున్నా పార్లమెంటులో ఒక్కరినీ వదిలిపెట్టలేదు. అలారం ఆగింది, ఆంటీ ఆగలేదు. ఆరన్ కుర్చీ మీదే కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. జ్ఞానవతికీ నవ్వు ఆగలేదు. బండిలో పాప కూడా చప్పట్లు కొట్టింది.

ఒక గంట తర్వాత, ఆమె పెరుగన్నం కలుపుతుండగా, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నీలం జాకెట్టు వేసుకుని వంశీధర్.

"అక్కా, జ్ఞానవతి అంటే మీరేనా?"

అవునంది. అతను గుమ్మంలోనే నిలబడి, గిన్నెల వైపు ఒకసారి ఆశగా చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"పైన పేర్లు పిలుస్తున్నరు. అందరికీ ఎవరో ఒకరు లేచి వచ్చిండ్రు. నా పేరు పిలిస్తే ఎవ్వరూ లేవలేదు. జరసేపు అట్లనే నిలబడ్డ." నవ్వుతూనే అన్నాడు. "పర్లేదక్కా, డ్రాలల్ల నాకెప్పుడూ తగలదు. కానీ చీటీ మీకు వచ్చిందని అయ్యగారు చెప్పిండ్రు. నేనేమన్న తప్పు రాసిన్నా?"

జ్ఞానవతి చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై అయిదు రోజులుగా ఈ పేరు పలకకుండా ఆమె ఇంట్లో అన్నం ఉడకలేదు. మంగళవారం పదకొండింటికి టెస్టని ఆరన్ ద్వారా కనుక్కుని మరీ ప్రార్థిస్తోంది. అలాంటిది, అంతమందిలో ఆ పేరు పిలిచినప్పుడు ఈ అబ్బాయి ఒంటరిగా నిలబడ్డాడు. తను కింద దాక్కుని గరిటె తిప్పుతోంది.

"నీ కోసం రోజూ చేస్తున్నాను బాబూ. ఒక్కరోజు కూడా తప్పలేదు" అంది.

"నిజంగనా? ఏమని చేస్తరు?" అతని ముఖం వెలిగిపోయింది. "ఒక్కసారి వినొచ్చా?"

ఆమె గరిటె పక్కన పెట్టడం మరిచిపోయింది. పాపను చంకనేసుకుని, రెండో చేత్తో గరిటె పట్టుకునే మెట్లెక్కింది. సువార్తరాజు గారు మైకు పట్టుకుని, ఆమె వస్తుందని తెలిసినట్టు, చోటు విడిచి నిలబడి ఉన్నారు. నూటముప్పై ముఖాలు ఆమె వైపు తిరిగాయి. ముందు వరసలో చంద్రకళ ఆంటీ, బ్యాంకు ఆవిడ, ఇద్దరు ఎమ్‌టెక్‌లు.  కాళ్ళు తలుపు వైపు చూశాయి. చెయ్యి తనకు తెలియకుండానే పాత దారి పట్టి పాప నోట్లోంచి పీక లాగేసింది.

పాప ఏడవలేదు. ఇన్ని ముఖాలు ఒకేసారి చూసి దానికి పండుగలా ఉంది. తల్లి చేతిలోని పీక వంక ఒకసారి, జనం వంక ఒకసారి చూసి, కొత్తగా మొలిచిన ఒంటి పన్ను కనబడేలా నవ్వి, చప్పట్లు కొట్టింది.

ఇక దారి లేదు. జ్ఞానవతి కళ్ళు మూసుకుంది. గొప్ప మాటలేవీ గుర్తు రాలేదు, పొయ్యి ముందు అనుకునేవే వచ్చాయి.

"ప్రభువా, నేను జ్ఞానవతిని. ఈ పీక సంగతి నీకు ముందే తెలుసు, వీళ్ళకు తెలియదు. ఆరు నెలలుగా పాపను ఏడిపించి తప్పించుకుంటున్నాను, అది నాదే తప్పు, పాపది కాదు. ఇదిగో ఇతను వంశీధర్. నీకు కొత్తేం కాదు, రోజూ చెబుతూనే ఉన్నాను. వాళ్ళమ్మ హనుమకొండలో ఉంది, ఇక్కడ ఇతనికి ఎవరూ లేరు. మంగళవారం పదకొండింటికి టెస్టు. వెనక్కి పార్కు చేసేటప్పుడు చేతులు వణుకుతాయట. తుఫానప్పుడు నువ్వు పడవలో పడుకున్నట్టు కారులో మాత్రం పడుకోవద్దు తండ్రీ. వెనక సీట్లో మెలకువగా కూర్చో. కింద అన్నం కూడా నువ్వే చూసుకున్నావు, దానికి వందనాలు. ఇంకేం లేదు. సరే మరి, ఉంటానండి."

అనేశాక నాలుక కరుచుకుంది.  ఆ వెంటనే ముందు వరసలోంచి చంద్రకళ ఆంటీ, కూటంలో ఎన్నడూ లేనంత పొట్టిగా, గట్టిగా ఒకే మాట అంది.

"ఆమెన్."

దాంతో నవ్వూ ఆమెన్‌లూ కలిసి ఒక్కసారిగా కప్పుకు తగిలాయి. వంశీధర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వుకో దేనికో తెలియలేదు. ఆంటీ లేచి వచ్చి పాపను అందుకుని, పీక చూపించి, ఇందుకా నువ్వు ఏడ్చింది, నేను నిన్ను సేవకు పంపిద్దామనుకున్నానే అని దాని బుగ్గ గిల్లింది. తర్వాత జ్ఞానవతి చెవిలో, అంత తొందరగా ముగించడం నాకూ నేర్పు అంది. సువార్తరాజు గారు భోజనాల ముందు, ఈ పెరుగన్నంలో మనందరికీ ఒక పాఠం ఉంది అని మొదలుపెట్టబోయారు. పిల్లల ఆకలి ముఖాలు చూసి, ఆ పాఠం వచ్చే వారం అని కూర్చున్నారు.

మూడు గిన్నెలూ ఖాళీ అయ్యాయి. కోడికూరను కొందరు ముందు తిన్నారు, కొందరు తర్వాత, వంశీధర్ కలుపుకునే తిన్నాడు. డ్రమ్ములో మిగిలిన బియ్యాన్ని సంచులుగా కట్టి విద్యార్థులకు పంచారు. ఒక్కో సంచీ ఇస్తూ జ్ఞానవతి, పొడిపొడిగా వార్చాలని చూడొద్దు, మెత్తగా ఉడికించి పెరుగు పోసుకోండి అని డెబ్బైసార్లు చెప్పింది. డెబ్బైసార్లూ పదిమంది వింటూనే ఉన్నారు. అది ఆమె గమనించనే లేదు.

మంగళవారం పన్నెండు దాటాక, ఆమె బియ్యం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది.

"అక్కా, ఫెయిలైన."

ఆమె చెయ్యి బియ్యంలోనే ఉండిపోయింది. అతని గొంతులో మాత్రం దిగులు లేదు.

"పార్కింగ్ మస్తు చేసిన. ఎగ్జామినర్ మేడమ్ గుడ్ అన్నది. స్టాప్ సైన్ కాడ పోయింది. ఆగిన. ఆగినంక మీ ప్రార్థన యాదికొచ్చింది, ఆయన వెనక సీట్ల ఉన్నడు కదా, ఒక థాంక్స్ చెప్దామని కళ్ళు మూసుకున్న. వెనక మూడు కార్లు హారన్ కొట్టినయి."

జ్ఞానవతి ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత చెయ్యి అడ్డు పెట్టుకుంది, ఆఖరికి వంటింటి నేల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అవతల అతనూ నవ్వుతున్నాడు. మళ్ళీ ఇరవై అయిదున డేటు దొరికిందట. ఇంకోసారి ఆయనకు చెప్తారా అని అడిగాడు. ఎప్పుడు అంది. ఇప్పుడే అన్నాడు.

ఆమె కుర్చీ కోసం వెతకలేదు. ఫోన్ భుజానికి, చెవికి మధ్య నొక్కిపెట్టి, గుప్పెడు బియ్యం పట్టుకుని, కూర్చున్నచోటే మొదలుపెట్టింది. మొన్న పార్కింగ్ అడిగితే పార్కింగ్ ఇచ్చావు, స్టాప్ సైన్ సంగతి చెప్పకపోవడం నా పొరపాటే తండ్రీ, అక్కడ మూడు సెకన్లు చాలని ఇతనికి గుర్తు చెయ్యి, బండి కదులుతుంటే కళ్ళు తెరుచుకుని నీతో మాట్లాడినా నువ్వు వింటావని కూడా చెప్పు అంది. చివర్లో, సరే మరి, ఉంటానండి అంది.

ఆమెన్ అని వినిపించింది. ఒక గొంతు కాదు, ఆరు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. బేస్‌మెంటులో రూమ్మేట్లంతా చుట్టూ కూర్చున్నారు. వారం కిందట అయితే ఆమెకు గుండె ఆగేది. ఇప్పుడు పాప తన ఎత్తు కుర్చీలో చెంచా మోగిస్తోంది, ఎసరు మరుగుతోంది, ఫోన్లో ఒకడు అక్కా నాకు పార్ట్‌టైమ్ పని అంటున్నాడు, ఇంకొకడు పరుపు లేక నడుము నొప్పి అంటున్నాడు, మరొకడు ఊళ్ళో ఒకమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు, అది అడగొచ్చా అంటున్నాడు. అడుగుదాంలే, ముందు నీ పేరు చెప్పు అంది. ఒక్కో పేరు విని ఒక్కో గుప్పెడు తీసి వేరే గిన్నెలో పోసింది.

మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు వెళ్ళే ముందు ఆరన్ భోజనానికి కూర్చున్నాడు. కంచంలో ఒక మూలకు ఒదిగిపోయిన అన్నం చూసి, అన్నం గిన్నె మూత ఎత్తి చూసి, ఇవాళ ఇంత తక్కువ వండావేం అని అడిగాడు.

"తక్కువేం వండలేదండి" అంది జ్ఞానవతి, పాప నోట్లో మెత్తటి ముద్ద పెడుతూ. "ఆరుగురు ఎక్కువయ్యారు."